గ్రంథాలయంలో ముఖాముఖి మార్గదర్శనమా, రచయితల బృందమా, శిక్షణ తరగతా: మీ చిత్తుప్రతికి ఏది తగినది?

రాసినదాన్ని మరొకరి చేత చదివించుకోవాలని ప్రతి రచయితకూ ఒక దశలో అనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు చదివి బాగుందంటారు. స్నేహితులు చదువుతామని తీసుకుని మరిచిపోతారు. పత్రికకు పంపితే తిప్పి పంపిన కారణం తెలియదు. అప్పుడు కావలసింది ప్రతిని శ్రద్ధగా చదివి, కథనం ఎక్కడ కుంటుపడిందో, పాఠకుడు ఎక్కడ దారి తప్పుతున్నాడో చెప్పగలిగిన అనుభవజ్ఞుడి సాయం. ఈ సాయాన్ని కొన్ని పౌర గ్రంథాలయాలు స్థానిక రచయితలకు ఉచితంగా అందిస్తున్నాయి. ఒక రచయిత, ఒక మార్గదర్శి, ముందుగా ఖరారు చేసుకున్న ఒక సమయం: ఏర్పాటు అంతే. అదే గ్రంథాలయంలో రచయితల బృందం ఉండవచ్చు, శిక్షణ తరగతులు ఉండవచ్చు. రాతప్రతిని చదివి రుసుము తీసుకుని నివేదిక ఇచ్చే సంపాదకులు బయట ఉంటారు. వీటిలో దేన్ని ఎంచుకోవాలన్న ప్రశ్నకు నేను ఇచ్చే జవాబు మార్గదర్శి పేరుప్రతిష్ఠల మీద ఆధారపడి ఉండదు. మీ ప్రతి ఇప్పుడు ఏ దశలో ఉంది, దాని గురించి మీరు అడగదలచుకున్న ప్రశ్న ఏమిటి అన్న రెండు సంగతులు తేలితే, ఎంపిక దాదాపుగా తేలిపోతుంది.

ముఖాముఖి ఏర్పాటు ఎలా నడుస్తుంది

గ్రంథాలయం పుస్తకాలు ఇచ్చే చోటు కదా, రచయితలకు పాఠాలు చెప్పడం దాని పనేనా అని అనుమానపడేవారున్నారు. యునెస్కో మొదటిసారి 1949లో వెలువరించిన పౌర గ్రంథాలయ ప్రకటనను ఆ తరువాత పలుమార్లు సవరించారు. అందులో 1994 నాటి పాఠం, వ్యక్తుల సృజనాత్మక వికాసానికి అవకాశాలు కల్పించడాన్ని గ్రంథాలయం ప్రధాన బాధ్యతల్లో ఒకటిగా పేర్కొన్నది. గ్రంథాలయ సేవలు సూత్రప్రాయంగా ఉచితంగా ఉండాలన్న మాట కూడా ఆ ప్రకటనలోనిదే. కాబట్టి ఇది ఎవరో దయతలచి చేసే ఉపకారం కాదు, గ్రంథాలయం చేయవలసిన పనుల్లో ఒకటి. అడగడానికి సంకోచించనక్కర లేదు.

ఈ సేవకు బాగా స్థిరపడిన రూపం 'రైటర్ ఇన్ రెసిడెన్స్' పదవి. గ్రంథాలయం ఒక రచయితను కొన్ని నెలలపాటు నియమించి భృతి ఇస్తుంది. ఆయన లేదా ఆమె ఆ కాలంలో కొంత భాగాన్ని సొంత రచనకూ, మిగిలినదాన్ని స్థానిక రచయితలను కలవడానికీ వినియోగిస్తారు. కెనడాలోని రెజైనా పౌర గ్రంథాలయం 1978 నుంచి, సస్కటూన్ పౌర గ్రంథాలయం 1981 నుంచి ఈ పద్ధతిని నడుపుతున్నాయి. బ్రిటన్‌లో రాయల్ లిటరరీ ఫండ్ 1999 నుంచి ఇదే తీరులో, గ్రంథాలయాలకు బదులు విశ్వవిద్యాలయాల్లో, రచయితలను కూర్చోబెట్టి విద్యార్థులతో ఒక్కొక్కరుగా మాట్లాడిస్తోంది. నిధులు లేనిచోట ఇదే పనిని స్వచ్ఛందంగా ముందుకొచ్చిన రచయితలో, పదవీ విరమణ చేసిన అధ్యాపకులో, సాహిత్యాభిరుచి ఉన్న గ్రంథాలయాధికారులో వారానికి కొన్ని గంటలు చేస్తుంటారు.

సాధారణంగా కొన్ని పేజీలు, చాలాచోట్ల పది నుంచి ఇరవై లోపు, ముందుగా అందజేయాలి. మార్గదర్శి వాటిని చదివి, అంచుల్లో గుర్తులు పెట్టుకుని, అరగంట నుంచి గంట వరకు రచయితతో కూర్చుంటారు. ఈ గంటను చూసి ఇంతేనా అనుకునేవారికి ఒక మాట చెప్పాలి. పదిహేను పేజీలను ఒకసారి పాఠకుడిగా, మరోసారి పెన్సిలు పట్టుకుని చదవడానికి పట్టే సమయం ముఖాముఖి సమయానికి తక్కువేమీ కాదు. మీకు దక్కుతున్నది ఆ చదువు. సంభాషణ దాని ఫలితం. అందుకే, పేజీలు ముందుగా తీసుకోకుండా అక్కడికక్కడే చదివి మాట్లాడే ఏర్పాటుకూ, ముందుగా చదివి వచ్చే ఏర్పాటుకూ మధ్య ఎంచుకునే వీలుంటే, కొన్ని వారాలు ఆగవలసి వచ్చినా రెండోదాన్నే ఎంచుకోండి. అక్కడికక్కడే చదవడం ఒక్క కవితల విషయంలోనే సరిపోతుంది.

ఒకే కథ, నాలుగు చోట్ల

పోలిక స్పష్టంగా ఉండడానికి ఒక ఊహాకథను తీసుకుందాం. తండ్రి పోయాక ఇద్దరు అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటారు. చిన్నవాడు 'నేను' అంటూ కథ చెబుతున్నాడు. మూడో దృశ్యంలో తల్లీ పెద్దకొడుకూ గదిలో తలుపు వేసుకుని మాట్లాడుకుంటారు. చిన్నవాడు ఆ రోజు ఊళ్లోనే లేడు. అయినా ఆ మాటలన్నీ పొల్లుపోకుండా కథలో ఉన్నాయి.

దీన్ని రచయితల బృందంలో చదివితే, పెద్దవాడికి అన్యాయం జరిగిందని ఒకరంటారు, ముగింపు తొందరపడిందని మరొకరంటారు. మూడోవారికి తమ ఇంటి పంపకాలు గుర్తొస్తాయి. ఇవేవీ పనికిరానివి కావు. చదువరుల సానుభూతి ఎటు మొగ్గుతోందో, ఎక్కడ ఆసక్తి సడలిందో తెలియాలంటే నలుగురు మనుషులు ఒకేచోట ఉండడాన్ని మించిన సాధనం లేదు. కాని మూడో దృశ్యం గురించి ఎవరైనా అడిగినా, ఆ ప్రశ్న మిగతా మాటల్లో కొట్టుకుపోయే అవకాశం ఎక్కువ. దానికి తోడు, 1936లో అమెరికాలో మొదలైన అయోవా రచయితల వర్క్‌షాప్ వంటి సంస్థల నుంచి చాలా బృందాలు అందిపుచ్చుకున్న ఒక ఆచారం ప్రకారం, తన రచన మీద చర్చ జరుగుతున్నంతసేపూ రచయిత మాట్లాడకూడదు. వివరణలతో రచనను కాపాడుకోకుండా వినడం నేర్పే మంచి నియమమే అది. అయితే రచయిత మనసులో జవాబు ఉన్నప్పుడు ఆ జవాబు బయటికి వచ్చే దారి కూడా దానివల్ల మూసుకుపోతుంది.

ఇదే కథను శిక్షణ తరగతికి తీసుకువెళ్తే, దృష్టికోణం మీద, అంటే కథ ఎవరి కంటితో నడుస్తోందన్న దాని మీద, పాఠం వచ్చిన రోజున రచయితకు తన లోపం తనకే తట్టవచ్చు. తరగతి బలం అక్కడుంది: అది మీ కథను బాగుచేయదు, మీకు పరికరాలు ఇస్తుంది. ఆ పాఠం ఎప్పుడు వస్తుందో, వచ్చినప్పుడు దాన్ని మీ కథకు అన్వయించుకోగలరో లేదో మాత్రం ఎవరూ చెప్పలేరు.

రుసుము తీసుకునే సంపాదకుడు కథ మొత్తం చదివి రాతపూర్వకంగా నివేదిక ఇస్తాడు. మూడో దృశ్యంలో కథకుడు చూడని సంగతి చెబుతున్నాడనీ, ఆ దృశ్యాన్ని తీసేయడమో, కథకుణ్ణి చాటుగా అక్కడ నిలబెట్టడమో చేయాలనీ అందులో స్పష్టంగా ఉంటుంది. అది సరైన సలహాయే. రచయిత దాన్ని పాటిస్తే కథలో తప్పు పోతుంది.

గ్రంథాలయంలో ముఖాముఖిగా కూర్చున్న మార్గదర్శి అదే పేజీ మీద వేలు పెట్టి, "తలుపు వేసుకుని మాట్లాడుకున్న మాటలు ఇతనికి ఎవరు చెప్పారండీ?" అని అడుగుతారనుకుందాం. రచయిత కాసేపు ఆలోచించి, "అమ్మే చెప్పి ఉంటుంది, చాలా ఏళ్ల తరువాత" అంటారు. "అయితే ఇవి జరిగిన మాటలు కావు, ఆమె చెప్పిన మాటలు. ఆమె తన వైపునుంచే చెప్పి ఉంటుంది కదా?" ఇక్కడికి వచ్చేసరికి తప్పుగా కనిపించిన చోటే కథకు ఇరుసు అయింది. తల్లి ఏం దాచింది, ఎందుకు అన్ని ఏళ్లు ఆగి చెప్పింది, చిన్నవాడు దాన్ని ఎందుకు నమ్మాడు అన్న ప్రశ్నలు కథ లోపలినుంచే పుట్టుకొస్తాయి. నివేదికలో ఈ మలుపు రావడం కష్టం, ఎందుకంటే రెండో ప్రశ్న మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబు మీద ఆధారపడి ఉంది. బృందంలోనూ కష్టమే, ఎందుకంటే అక్కడ ఒకరి ప్రశ్న వెంట మరొకరి ప్రశ్న వస్తుంది తప్ప ఒకే ప్రశ్నను చివరిదాకా వెంబడించే తీరిక ఉండదు. ముఖాముఖి మార్గదర్శనం విలువ నా దృష్టిలో ప్రధానంగా ఇదే, మిగతా సౌకర్యాలన్నీ దీని తరువాతివి.

ప్రతి ఏ దశలో ఉంది

ఇంకా ఏమీ రాయనివారు, రాయాలన్న కోరిక మాత్రమే ఉన్నవారు ముఖాముఖి సమయం కోరుకోవడం తొందరపాటు. మాట్లాడుకోవడానికి కాగితం మీద ఏదో ఒకటి ఉండాలి; లేకపోతే ఆ గంట ఉత్సాహపు మాటలతో గడిచిపోతుంది. వారికి శిక్షణ తరగతి మేలు. వారం వారం ఏదో ఒకటి రాసి తీసుకురావలసి రావడం వల్ల చేయి కదులుతుంది.

సగం రాసి ఆగిపోయినవారి సంగతి కొంచెం జటిలమైనది. ఆగిపోవడానికి కారణం క్రమశిక్షణ లోపమైతే, తేదీ పెట్టి నిలదీసే బృందం వారికి అవసరం. కథ ఎటు పోవాలో తెలియక ఆగిపోతే ముఖాముఖి చర్చ సాయపడవచ్చు. కాని ఇందులో ఒక ప్రమాదం ఉంది. అనుభవమున్న మార్గదర్శి అసంపూర్ణమైన కథను వినగానే ఆయన మనసులో ఒక ముగింపు తయారవుతుంది, అది మీరు రాయబోయినదానికంటే చక్కగా ఉండవచ్చు కూడా. ఒకసారి విన్నాక దాన్ని మరిచిపోవడం కష్టం. అందువల్ల సగం ప్రతితో వెళ్లేవారు, "ముందు ఏం జరగాలో చెప్పవద్దు, ఇప్పటివరకు ఉన్నదాంట్లో మీకు ఏ పాత్ర మీద ఆసక్తి కలిగిందో చెప్పండి" అని ముందే కోరడం మంచిది.

మొదటినుంచి చివరిదాకా ఒకసారి పూర్తయి, రచయిత తనంతట తాను ఒకటి రెండుసార్లు దిద్దుకుని, ఇక ఏం చేయాలో తోచక ఉన్న ప్రతికి గ్రంథాలయంలోని ముఖాముఖి గంటను మించినది లేదు. ఎక్కడో లోపముందని తెలుస్తూ ఉంటుంది, అదేమిటో అంతుపట్టదు. సరిగ్గా ఆ స్థితిలోనే వెళ్లాలి.

అన్ని దిద్దుబాట్లూ అయిపోయి, పోటీకో ప్రచురణకో పంపబోతున్న ప్రతికి కావలసింది భాషా పరిష్కారం, అచ్చుతప్పుల పరిశీలన. ఆ పని కోసం మార్గదర్శి సమయాన్ని వాడుకోవడం ఇద్దరికీ నష్టమే. పరిష్కర్తకు రుసుము ఇచ్చి చేయించుకోవడమో, భాష బాగా తెలిసిన మిత్రుణ్ణి అడగడమో మేలు.

ప్రక్రియను బట్టి కూడా నిర్ణయం మారుతుంది. కవితలు రాసేవారికి ఒక్క గంటలో నాలుగైదు కవితలు పైకి చదివి, పదం పదం దగ్గర ఆగి చర్చించుకునే అవకాశం ముఖాముఖిలోనే ఉంది. ఆత్మకథాత్మక రచనలు చేసేవారికి, ముఖ్యంగా కుటుంబంలోని గాయాల గురించి రాసేవారికి, పదిమంది ముందు చదవడం కంటే ఒక్కరితో మాట్లాడడం క్షేమం. మొదటి ప్రతి దశలో ఏది ఉంచాలో ఏది తీసేయాలో వారికే తెలియదు కాబట్టి. నాటకం రాసేవారికి మాత్రం నేను బృందాన్నే సూచిస్తాను. సంభాషణ వేరొకరి నోట పలికితే తప్ప దాని బిగువు తెలియదు, ఒక్క మార్గదర్శి అన్ని పాత్రలకూ గొంతు ఇవ్వలేడు. నవలతో చిక్కు పేజీల పరిమితి. మూడు వందల పేజీల నవలలో పదిహేను పేజీలు చూపి మొత్తం మీద అభిప్రాయం అడగడం న్యాయం కాదు. అటువంటివారు ఒక పేజీ కథాసారాంశం జతచేయాలి, లేదా ఒకే మార్గదర్శితో పలుసార్లు కలిసే వీలున్న కార్యక్రమం కోసం ఆగాలి.

ముఖాముఖిలోనే ఏ రకం

ఒక్కసారి కలిసి ముగించే పద్ధతి ఉంది, కొన్ని నెలలపాటు విడతలుగా కలిసే పద్ధతి ఉంది. ఎక్కువసార్లయితే ఎక్కువ మేలని అనిపించడం సహజమే. కాని మొదటిసారి వెళ్లేవారికి ఒక్కసారి కలిసే పద్ధతే నా సిఫారసు. మార్గదర్శి చదివే తీరు మీకు సరిపడుతుందో లేదో తెలియకముందే నెలల తరబడి కట్టుబడడం వల్ల, సరిపడకపోయినా మొహమాటంతో కొనసాగవలసి వస్తుంది. ఒకసారి కలిసి, ఆయన చెప్పినదాన్ని బట్టి కథను దిద్ది, దిద్దిన ప్రతి మీకే నచ్చితే అప్పుడు విడతల కార్యక్రమానికి దరఖాస్తు చేయండి.

మార్గదర్శి మీ ప్రక్రియలోనే రాసేవారై ఉండాలా అన్నది తరచుగా వచ్చే సందేహం. కవిత్వం విషయంలో, పిల్లల పుస్తకాల విషయంలో తప్పకుండా ఉండాలి. వాటి నియమాలు బయటివారికి సులభంగా పట్టుబడవు. కథకూ నవలకూ మధ్య, కథకూ ఆత్మకథకూ మధ్య ఆ పట్టింపు అవసరం లేదు. ఒక్కోసారి వేరే ప్రక్రియవారే మనం చూడని చోటును చూస్తారు. కవి కథ చదివితే అనవసరమైన వాక్యాన్ని ఇట్టే పట్టుకుంటాడు.

మాండలికంలో రాసేవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. మీ పలుకుబడి తెలియని మార్గదర్శి దాన్ని తప్పుగా భావించి ప్రామాణిక భాషలోకి దిద్దితే, కథలోని మనుషులు మూగబోతారు. సమయం ఖరారు చేసుకునేటప్పుడే, "సంభాషణలు మా ప్రాంతపు వాడుకలో ఉన్నాయి, వాటిని మార్చదలచుకోలేదు, అర్థం కాని చోట్ల మాత్రం గుర్తు పెట్టండి" అని ఒక వాక్యం రాసి పంపితే ఇద్దరికీ దారి స్పష్టమవుతుంది. మీరు రాసే భాషే మార్గదర్శికి రాని పరిస్థితి కూడా ఉంటుంది. పరాయి భాషా ప్రాంతంలో ఉంటూ మాతృభాషలో రాసేవారికి ఇది నిత్యానుభవం. అప్పుడు కథాసారాంశాన్నీ, ఒకటి రెండు కీలక దృశ్యాల అనువాదాన్నీ తీసుకువెళ్లి నిర్మాణం గురించి మాత్రమే అడగండి. దృశ్యాల వరుస, ఎత్తుగడ, ఎవరి కంటితో కథ నడుస్తోంది అన్నవి అనువాదంలో కూడా నిలుస్తాయి. వాక్యం గురించిన సలహాను మాత్రం మీ భాష చదివే మరొకరి దగ్గర తీసుకోవలసిందే.

నేరుగా కలవడమా, వీడియోలో మాట్లాడడమా అన్న తేడా నాకు పెద్దగా కనిపించదు, ఒక్క విషయంలో తప్ప. గ్రంథాలయంలో కూర్చున్నప్పుడు మాట మధ్యలో మార్గదర్శి లేచి వెళ్లి, అలమరలోంచి ఒక కథల సంపుటి తీసుకొచ్చి, మీ ఇబ్బందినే మరో రచయిత ఎలా దాటాడో ఆ పేజీ తెరిచి చూపగలరు. మీరు దాన్ని ఆ రోజే ఇంటికి తీసుకువెళ్లవచ్చు. ఆ సౌకర్యం మరెక్కడా దొరకదు.

వెళ్లేముందు

పేజీలతోపాటు ఒక చిన్న లేఖ పంపండి. ఈ రచన ఏమిటి, ఎన్నోసారి రాసిన ప్రతి, ఇంతకుముందు ఎవరైనా చదివారా, మీకు తెలియాల్సింది ఏమిటి అన్నవి అందులో ఉంటే చాలు. ప్రశ్న ఎంత నిర్దిష్టంగా ఉంటే గంట అంత ఫలిస్తుంది. "కథ బాగుందా?" అన్నదానికి మర్యాదగల మనిషి ఇచ్చే జవాబు ఒకటే. "అన్న పాత్ర మీద మీకు కోపం వచ్చిందా, వస్తే ఏ పేజీలో?" అని అడిగితే ఆయన కాగితాలు తిరగేయక తప్పదు.

ఏ పేజీలు పంపాలన్నది చాలామంది ఆలోచించని సంగతి. అలవాటుగా మొదటి పదిహేను పేజీలు పంపుతారు. వాటినే మనం అన్నిటికంటే ఎక్కువసార్లు దిద్దుకుని ఉంటాం, కాబట్టి లోపాలు అక్కడ తక్కువ. మొదటి రెండు మూడు పేజీలు పరిచయానికి ఇచ్చి, మిగతా పరిమితిని మీకు గుబులు పుట్టించే భాగానికి కేటాయించండి. పన్నెండు పాయింట్ల అక్షరం, పంక్తుల మధ్య రెట్టింపు ఖాళీ, పేజీ సంఖ్యలు ఉండాలి. కలిసే రోజున ఇంకొక ప్రతి మీ దగ్గర కూడా ఉండాలి, లేకపోతే ఆయన "ఏడో పేజీ నాలుగో వాక్యం" అన్నప్పుడు మీరు గాలిలో చూడవలసి వస్తుంది.

తమ ఇతివృత్తాన్ని మార్గదర్శి వాడుకుంటాడేమోనని భయపడి పేజీలు ఇవ్వడానికి వెనకాడేవారున్నారు. 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఇప్పుడు 180కి పైగా దేశాలున్నాయి; వాటిలో రచన కాగితం మీదికి వచ్చిన క్షణం నుంచి, ఎక్కడా నమోదు చేయించకపోయినా, కాపీరైటు రచయితదే. అయితే చట్టం కాపాడేది మీరు రాసిన రూపాన్ని, ఇతివృత్తాన్ని కాదు. అన్నదమ్ముల పంపకాలు ఎవరైనా రాయవచ్చు. మీ వాక్యాలను మీ అనుమతి లేకుండా ఎవరూ వాడుకోకూడదు. తేదీతో ఒక ప్రతిని భద్రపరచుకుని నిశ్చింతగా ఇవ్వండి.

మార్గదర్శి తగినవారేనా

మంచి మార్గదర్శి ప్రశ్నలతో మొదలుపెడతారు. లిజ్ లెర్మన్ అనే నృత్య దర్శకురాలు 1990లో రూపొందించిన విమర్శ పద్ధతిని రచనా శిక్షణలోనూ వాడుతున్నారు. అందులో చూసినవారు మొదట రచనలో తమకు అర్థవంతంగా అనిపించినదేమిటో చెబుతారు, తరువాత రచయిత ప్రశ్నలు అడుగుతాడు, ఆపైన వారు అభిప్రాయం దాగి ఉండని తటస్థమైన ప్రశ్నలు వేస్తారు; చివరగా, రచయిత అనుమతి ఇస్తేనే తమ అభిప్రాయం చెబుతారు. మీ మార్గదర్శి ఈ వరుసను పాటించకపోయినా ఫర్వాలేదు, కాని మీరు ఏం రాయబోయారో తెలుసుకోకుండానే దిద్దడం మొదలుపెడితే అది మంచి గుర్తు కాదు. మీ వాక్యాలను తన శైలిలోకి తిరగరాసి ఇవ్వడం, గ్రంథాలయానికి తెలియకుండా బయట రుసుముకు కలవమనడం, ప్రచురణకర్త తనకు తెలుసని ఆశపెట్టడం కనిపిస్తే ఆ ఒక్కసారితో ఆపి, విషయాన్ని గ్రంథాలయాధికారికి చెప్పండి. మీరుగా కూడా ప్రచురణకర్తలకు సిఫారసు అడగకండి. అడిగిన క్షణం నుంచి ఆయన మీ కథ గురించి నిజం చెప్పడానికి ఇబ్బంది పడతారు. రాసేది పిల్లలైతే, తలుపు తెరిచి ఉన్న గదిలో, పెద్దల అనుమతితో మాత్రమే సమావేశం జరగాలి.

కటువుగా మాట్లాడడం అసమర్థత కాదు, మృదువుగా మాట్లాడడం సామర్థ్యమూ కాదు. బయటికి వచ్చాక మళ్లీ ఆ కాగితాల ముందు కూర్చోవాలని మీకు అనిపించిందా అన్నదే చూడండి.

తరువాత

అదే రోజు దిద్దుబాటు మొదలుపెట్టకండి. విన్న సంగతులన్నీ ఆ సాయంత్రమే రాసి పెట్టుకుని, కొన్ని రోజులు ఆగి, వాటిని మళ్లీ చదవండి. కొన్ని సలహాలు విన్న వెంటనే "నాకూ అదే అనిపించింది" అన్నట్టుంటాయి, వాటిని పాటించండి. కొన్నింటికి మనసు ఎదురు తిరుగుతుంది. వాటిలో లోపం ఎక్కడుందో చెప్పిన భాగం సాధారణంగా సరైనదే అయి ఉంటుంది, దాన్ని ఎలా సరిచేయాలో చెప్పిన భాగం తప్పై ఉండవచ్చు. అక్కడ చికిత్సను పక్కనపెట్టి రోగ నిర్ణయాన్ని మాత్రం తీసుకుంటే చాలు.

దిద్దిన ప్రతిని అదే మార్గదర్శికి మళ్లీ చూపడం కంటే ముందు బృందంలో చదవడం నా దృష్టిలో మంచి వరుస. మార్గదర్శికి కథలో అంతకుముందు ఉన్నవి కూడా గుర్తుంటాయి, మీరు తీసేసిన వాక్యాలను ఆయన మనసు నింపుకుంటుంది. మొదటిసారి వినే నలుగురికి ఆ సౌలభ్యం లేదు కాబట్టి, కాగితం మీద ఉన్నది సరిపోయిందో లేదో వారే చెప్పగలరు.

ఖాళీలు తక్కువగా ఉండి నెలల తరబడి వేచి ఉండవలసి వస్తే, పేరు నమోదు చేసి, ఆ వ్యవధిలో ప్రతిని పూర్తి చేయండి. రద్దయిన సమయాలు చివరి నిమిషంలో దొరుకుతుంటాయి, సిద్ధంగా ఉన్నవారికే అవి పనికివస్తాయి. మీ గ్రంథాలయంలో ఈ సేవ అసలు లేకపోతే గ్రంథాలయాధికారిని కలిసి, ఇద్దరు కూర్చునే నిశ్శబ్దమైన గది, నెలకు ఒక పూట, పేర్లు నమోదు చేసుకునే కాగితం, చదవడానికి ఒప్పుకునే ఒక రచయిత ఉంటే మొదలుపెట్టవచ్చని చెప్పండి. ఆ నాలుగోదాని కోసం మీకు తెలిసిన రచయితను ముందే అడిగి, ఆయన ఒప్పుదలతోనే వెళ్తే అధికారి పని సులువవుతుంది. ఇంకో ఇద్దరు స్థానిక రచయితల సంతకాలు కూడా ఆ విన్నపం మీద ఉంటే, అడుగుతున్నది ఒక్కరి కోసం కాదని ఆయనకు తెలుస్తుంది.